తొలి ఏడాదే ఫైనల్: టెక్సాస్ టెక్ సాఫ్ట్‌బాల్ జట్టు, 2025 సీజన్

అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయపు మహిళా సాఫ్ట్‌బాల్ జట్టు 2025లో 54 మ్యాచ్‌లు గెలిచి 14 ఓడింది. ఆ దేశపు కళాశాల సాఫ్ట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్. అంతవరకూ అందులో ఒక్కసారి కూడా అడుగుపెట్టని ఈ జట్టు ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లి, మూడో మ్యాచ్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది. హెడ్ కోచ్‌గా జెరీ గ్లాస్కోకు అక్కడ అదే మొదటి సీజన్. పిచర్ నైజరీ కెనడీకి కూడా ఆ రంగుల్లో అదే మొదటి సీజన్. ఆమెతో కుదిరిన పది లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం గురించి పత్రికలు ఎక్కువగా రాశాయి. నిజానికి ఆ విజయాల వెనుక ఇంకో బలం ఉంది. గ్లాస్కో తన పాత జట్టు నుంచి కొందరు అమ్మాయిలను వెంట తెచ్చుకున్నాడు. ఆయన ఆడించే తీరు వాళ్లకు ముందే తెలుసు. కెనడీ విసిరిన బంతులకు వాళ్ల బ్యాట్లు, కాళ్లు తోడయ్యాయి కాబట్టే సీజన్ అంత దూరం సాగింది.

ఆట, పోటీల వరస

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది. ఫారగట్ బోట్ క్లబ్బులో జార్జ్ హాన్‌కాక్ అనే విలేఖరి నాలుగు గోడల మధ్య ఆడేందుకు బేస్‌బాల్‌ను మార్చి ఈ ఆటను తయారుచేశాడు. పేరులో మెత్తదనం ఉన్నా ఇప్పటి బంతి గట్టిదే. చుట్టుకొలత 12 అంగుళాలు. ఇన్నింగ్స్ ఏడు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. పిచర్ చేతిని గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిప్పి, నడుము దగ్గర నుంచి కింది చేతివాటంగా బంతి వదులుతుంది. క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులైతే, ఇక్కడ పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 43 అడుగులే. కెనడీ గంటకు 70 మైళ్లు, అంటే 112 కిలోమీటర్లు దాటిన వేగంతో విసురుతుంది. ఆ వేగానికి బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అందులోనే ఆమె రైజ్ బాల్ కూడా కలుపుతుంది. వెనక్కి తిరుగుతూ వచ్చే ఆ బంతి బ్యాటర్ అనుకున్నంత కిందికి దిగదు. కిందికి ఊపిన బ్యాటు పైనుంచి అది వెళ్లిపోతుంది. మన రాష్ట్రాల పాఠశాల క్రీడల్లో సాఫ్ట్‌బాల్ ఉన్నా, ఇంత వేగంతో విసిరే చేతిని మన మైదానాల్లో చూడటం అరుదు.

కళాశాల సీజన్ ఫిబ్రవరిలో మొదలై జూన్ మొదటి వారంలో ముగుస్తుంది. మేలో 64 జట్లకు జాతీయ పోటీలోకి పిలుపు వస్తుంది. మొదటి 16 ర్యాంకుల జట్లకు సొంత ఊళ్లో రీజినల్ ఆడే వీలుంటుంది. అక్కడ రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి పోతుంది. రీజినల్ దాటితే సూపర్ రీజినల్, అక్కడ మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలవాలి. మిగిలిన ఎనిమిది జట్లు ఓక్లహోమా సిటీలోని డెవన్ పార్కుకు చేరతాయి. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలిస్‌లో జరుగుతున్నా, సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు మాత్రం ఈ మైదానానికే వస్తాయి. ఈ ఆటకు ఆ చోటు ఎంత ముఖ్యమో అంతకంటే చెప్పనక్కర్లేదు.

లబక్‌కు వచ్చిన కోచ్

టెక్సాస్ టెక్ ఉన్న లబక్ పశ్చిమ టెక్సాస్‌లో పత్తి చేల నడుమ ఉన్న ఊరు. గాయకుడు బడ్డీ హాలీ పుట్టినూరు. అమెరికన్ ఫుట్‌బాల్ తార పాట్రిక్ మహోమ్స్ ఇక్కడే చదివాడు. ఊళ్లో ఫుట్‌బాల్‌కూ బాస్కెట్‌బాల్‌కూ ఉన్న ఆదరణ సాఫ్ట్‌బాల్‌కు ఉండేది కాదు. 2025కు ముందు ఈ జట్టు సూపర్ రీజినల్ గడప కూడా తొక్కలేదు.

2024 వేసవిలో గ్లాస్కో ఇక్కడికి వచ్చేనాటికి ఆయన వయసు అరవై దాటింది. అంతకుముందు జార్జియాలోనూ టెక్సాస్ ఎ అండ్ ఎంలోనూ సహాయ కోచ్‌గా పనిచేశాడు. 2018 నుంచి 2024 దాకా ఏడు సీజన్లు లూసియానా విశ్వవిద్యాలయపు జట్టును నడిపాడు. లఫాయెట్ పట్టణంలోని ఆ జట్టును రేజిన్ కేజన్స్ అంటారు. ఉన్నది చిన్న కాన్ఫరెన్స్‌లో (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఆడే లీగు), డబ్బు అంతంతమాత్రం, అయినా పెద్ద జట్లకు ఏటా తలనొప్పిగా ఉండేది. 2023లో పొరుగునే ఉన్న లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయాన్ని (ఎల్‌ఎస్‌యూ) దాని సొంత మైదానంలోనే ఓడించి సూపర్ రీజినల్‌కు వెళ్లింది. ఆ ఏళ్లలోనే గ్లాస్కో కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది. జార్జియాకూ ఓరిగన్‌కూ ఆడి, తండ్రి దగ్గరే స్వచ్ఛంద సహాయకురాలిగా చేరిన కూతురు జెరీ యాన్ 2019 జనవరిలో, 24 ఏళ్ల వయసులో, రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. కొన్ని వారాలకే సీజన్ మొదలైంది. ఆయన జట్టును వదలలేదు. ఆ ఏళ్లలో లఫాయెట్‌లో ఆడిన అమ్మాయిలు ఆయన మీద పెట్టుకున్న నమ్మకానికి ఆ రోజుల బలం ఉంది.

గ్లాస్కో బయల్దేరాక ఆ జట్టు నుంచి ముఖ్యమైన వాళ్లు లబక్ దారి పట్టారు. సెంటర్ ఫీల్డర్ మిహాయా డేవిస్, ఫస్ట్ బేస్ దగ్గర ఆడే లారెన్ ఆల్రెడ్, ఇన్‌ఫీల్డర్ అలెక్సా లాంగలియర్స్ వాళ్లలో ఉన్నారు. కళాశాల మారాలనుకునే క్రీడాకారుల పేర్లు నమోదు చేసే, 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి సడలిన నిబంధనలు దీనికి దారి వేశాయి. 2024 నాటికి చదువులో వెనకబడని విద్యార్థి ఎన్నిసార్లు కళాశాల మారినా ఒక ఏడాది పక్కన కూర్చోవాల్సిన పని లేదు. కోచ్ మారితే ఆటగాళ్లూ కదలడం ఇప్పుడు మామూలైపోయింది. లఫాయెట్ అభిమానుల వైపు నుంచి చూస్తే ఇది పెద్ద నష్టం. ఏళ్ల తరబడి సొంత పిల్లల్లా చూసుకున్న జట్టు ఒక్క వేసవిలో చెదిరిపోయింది. అక్కడి ప్రధాన పిచర్ శామ్ లాండ్రీ లబక్‌కు రాలేదు, ఓక్లహోమాలో చేరింది. పెద్ద కాన్ఫరెన్స్‌ల జట్లకు చిన్న విశ్వవిద్యాలయాలు నారుమడులుగా మారుతున్నాయన్న బాధలో నిజం ఉంది. టెక్సాస్ టెక్ సాధించిన దాన్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఈ మాటను దాటవేయకూడదు.

సమయం కూడా కలిసొచ్చింది. 2024 జులైలో ఓక్లహోమా, టెక్సాస్ రెండూ టెక్సాస్ టెక్ ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్ విడిచి ఎస్‌ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో చేరాయి. అప్పటిదాకా టెక్సాస్ టెక్ ఏటా వాటి నీడలోనే ఉండేది. వాటిలో ఓక్లహోమా 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచిన జట్టు. రెండూ వెళ్లిపోయాక కాన్ఫరెన్స్‌లో పైమెట్టు ఖాళీ అయింది.

పది లక్షల డాలర్లు, ఇంకో 24

నైజరీ కెనడీ కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా అమ్మాయి. స్టాన్‌ఫర్డ్ జట్టును 2023లోనూ 2024లోనూ వరల్డ్ సిరీస్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లింది. 2024లో 337 మంది బ్యాటర్లను స్ట్రయికౌట్ చేసింది. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, ఏడు ఇన్నింగ్స్‌కు ఆమె ఇచ్చిన పరుగుల సగటు 0.73. అంటే పూర్తి మ్యాచ్‌కు ఒక పరుగు కూడా రాదు. ఆ ఏడాది దేశంలో మేటి కళాశాల క్రీడాకారిణి పురస్కారం ఆమెదే.

2024 జులైలో ఆమె టెక్సాస్ టెక్‌కు మారింది. మాటడార్ క్లబ్ అనే దాతల సంఘంతో కుదిరిన ఒక ఏడాది ఒప్పందం విలువ 10,50,024 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం దాదాపు 8.8 కోట్ల రూపాయలు. పది లక్షలు అసలు మొత్తం, యాభై వేలు ఖర్చులకు, ఆఖరి 24 ఆమె జెర్సీ నంబరు. కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం, గుర్తింపు మీద సంపాదించుకోవచ్చని 2021 జులైలో నిబంధన మారింది. అప్పటి నుంచి ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఇలాంటి మొత్తాలు ముట్టడం మొదలైంది. సాఫ్ట్‌బాల్ అమ్మాయికి ముట్టడం అదే మొదలు. ఆ డబ్బు వెనుక ఉన్న దాతల్లో ముఖ్యులు జాన్ సెల్లర్స్, ట్రేసీ సెల్లర్స్ దంపతులు. ట్రేసీ ఒకప్పుడు ఇదే విశ్వవిద్యాలయానికి సాఫ్ట్‌బాల్ ఆడింది. తన కాలంలో ఆ ఆటకు దక్కనిదాన్ని తర్వాతి తరానికి ఇవ్వగలిగింది.

డబ్బుతోపాటు కెనడీ అడిగింది ఇంకొకటి ఉంది, బ్యాటింగ్. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ బదులు వేరొకరు బ్యాట్ పట్టే వీలుంది కాబట్టి చాలామంది పిచర్లు బ్యాటు జోలికే పోరు. స్టాన్‌ఫర్డ్‌లో ఆమెకు ఆ అవకాశం తక్కువ. గ్లాస్కో మొదటి నుంచీ బ్యాటింగ్ మీద మోజున్న కోచ్. ఆమెను బ్యాటింగ్ వరసలో నిలబెట్టాడు. ఆ సీజన్‌లో ఆమె పదికి పైగా హోమ్ రన్‌లు కొట్టింది.

లబక్ నుంచి టలహాసీ దాకా

వసంతం గడిచేసరికి జట్టు బిగ్ 12 లీగ్ టైటిల్ గెలిచింది. తర్వాత కాన్ఫరెన్స్ టోర్నీ కూడా. రెండూ ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటివే. జాతీయ పోటీకి 12వ ర్యాంకు దక్కడంతో రాకీ జాన్సన్ ఫీల్డ్‌లో, సొంత జనం మధ్య రీజినల్ ఆడి నెగ్గింది.

ఆ ఏడాది మే నెల పెద్ద జట్లకు అచ్చిరాలేదు. మొదటి ర్యాంకు టెక్సాస్ ఎ అండ్ ఎం సొంత మైదానంలో లిబర్టీ విశ్వవిద్యాలయం చేతిలో ఓడి రీజినల్‌లోనే వెనుదిరిగింది. మొదటి ర్యాంకు జట్టుకు అలా జరగడం అంతకుముందు లేదు. టెక్సాస్ టెక్ సూపర్ రీజినల్‌కు ఫ్లోరిడా స్టేట్ ఊరైన టలహాసీకి వెళ్లింది. అయిదో ర్యాంకు జట్టును దాని జనం ముందే 3-0తో, మర్నాడు 2-1తో ఓడించింది. రెండు మ్యాచ్‌ల్లో కలిపి అవతలివాళ్లకు వచ్చింది ఒక్క పరుగు. సీజన్ మిగతా భాగం ఎలా సాగబోతోందో ఆ స్కోర్లలోనే కనిపించింది. కెనడీ బంతి వేస్తుంది, మిగతావాళ్లు ఎక్కడో ఒకచోట రెండు మూడు పరుగులు రాబడతారు.

డెవన్ పార్కులో తొమ్మిది రోజులు

మే 29న ఓల్ మిస్‌ (మిసిసిపీ విశ్వవిద్యాలయం)పై 1-0. రెండు రోజుల తర్వాత యూసీఎల్‌ఏపై 3-1. కళాశాల సాఫ్ట్‌బాల్‌లో ఇంకే విశ్వవిద్యాలయానికీ లేనన్ని టైటిళ్లున్న జట్టు యూసీఎల్‌ఏ. జూన్ 2న సెమీఫైనల్‌లో ఎదురైంది ఓక్లహోమా. మైదానం వాళ్ల రాష్ట్రంలోనే, స్టాండ్లలో వాళ్ల జనమే ఎక్కువ. ప్యాటీ గాసో శిక్షణలో వరుసగా అయిదో టైటిల్ వైపు నడుస్తున్న జట్టు అది.

ఏడో ఇన్నింగ్స్ మొదటి సగం దాకా టెక్సాస్ టెక్ 2-0తో ముందుంది. అప్పుడు ఓక్లహోమా బ్యాటర్ అబిగేల్ డేటన్, కెనడీ బంతిని గోడ దాటించింది. రెండు పరుగులు. స్కోరు సమం. స్టేడియం ఊగిపోయింది. అంతకుముందు నాలుగేళ్లలో ఎన్నో జట్లు సరిగ్గా ఇలాంటి ఘట్టంలోనే ఓక్లహోమా ముందు చేతులెత్తేశాయి. ఏడో ఇన్నింగ్స్ రెండో సగంలో మిహాయా డేవిస్ మూడో బేస్‌కు చేరింది. లారెన్ ఆల్రెడ్ బంతిని అవుట్‌ఫీల్డ్ వైపు పైకి లేపింది. క్యాచ్ పట్టేశారు, ఆల్రెడ్ అవుట్. క్యాచ్ పడ్డ మరుక్షణమే డేవిస్ హోమ్ ప్లేట్ వైపు పరుగందుకుంది. అవుట్‌ఫీల్డ్ నుంచి విసిరిన బంతి వస్తుండగానే జారుతూ వెళ్లి, క్యాచర్ ట్యాగ్ తగిలేలోపు ప్లేటును అందుకుంది. 3-2.

ఆ పరుగు చేసిన అమ్మాయి, చేయించిన అమ్మాయి ఇద్దరూ లఫాయెట్ నుంచి గ్లాస్కోతో వచ్చినవాళ్లే. ఒకరి దెబ్బ ఎంత దూరం పడుతుందో, ఇంకొకరి కాళ్లు ఎంత వేగమో ఏళ్లుగా ఎరిగినవాళ్లు. ఓక్లహోమా నాలుగేళ్ల ఏలుబడి ముగిసింది అక్కడే. ఏ ఖాతా పుస్తకంలోనూ ఆ ఆటకు విడిగా లెక్క ఉండదు. కోచ్ పని ఫలితం చూడాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది మాత్రం దాన్నే.

మూడు మ్యాచ్‌ల ఫైనల్‌లో ఎదురైంది ఆరో ర్యాంకు టెక్సాస్. ఒకే రాష్ట్రం జట్లు. అంతకుముందు ఏడాది సెమీఫైనల్‌లో స్టాన్‌ఫర్డ్ తరఫున ఆడిన కెనడీని 1-0తో ఇంటికి పంపింది కూడా టెక్సాసే. న్యూజీలాండ్‌లో పుట్టిన కోచ్ మైక్ వైట్ ఆధ్వర్యంలో ఆ జట్టు 2022లో, 2024లో ఫైనల్ చేరి రెండుసార్లూ ఓక్లహోమా చేతిలో ఓడింది. అక్కడి అమ్మాయిల ఆకలీ తక్కువది కాదు.

జూన్ 4న మొదటి మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో టెక్సాస్ టెక్ 1-0తో ముందుంది. టెక్సాస్‌కు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, బ్యాట్ పట్టింది రీస్ ఆట్‌వుడ్. ఆమెతో తలపడటం ఎందుకని, కావాలనే నాలుగు బంతులు దూరంగా వేసి మొదటి బేస్ ఇచ్చేద్దామని టెక్సాస్ టెక్ శిబిరం నిర్ణయించింది. మూడు బంతులు అలాగే పడ్డాయి. నాలుగోది పడాల్సినంత దూరంగా పడలేదు. బ్యాటుకు అందేంత దగ్గరగా వచ్చింది. ఆట్‌వుడ్ వదల్లేదు. ఆమె కొట్టిన బంతి ఎడమవైపు అవుట్‌ఫీల్డ్‌లో పడింది, ఇద్దరూ ఇంటికి చేరారు. టెక్సాస్ 2-1తో గెలిచింది. ఏడాది పొడుగునా లక్ష్యాన్ని అంగుళం తప్పని చెయ్యి, తప్పించాల్సిన బంతినే తప్పించలేకపోయింది. నేరుగా తలపడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆట్‌వుడ్ మాత్రం మూడు బంతులు ఊరికే పోయాక కూడా కళ్లు తిప్పకుండా నిలబడింది. ఆ పరుగుల గొప్ప ఆమెకే చెందాలి.

మర్నాడు టెక్సాస్ టెక్ 4-3తో గెలిచి సిరీస్‌ను సమం చేసింది. ఆ రోజూ ఏడు ఇన్నింగ్స్ కెనడీయే విసిరింది.

ఆ మర్నాడే, జూన్ 6న, మూడో మ్యాచ్. మొదటి ఇన్నింగ్స్‌లోనే టెక్సాస్‌కు అయిదు పరుగులు వచ్చాయి. అందులో మూడు లీయాన్ గూడ్ కొట్టిన హోమ్ రన్‌వి. ఆ ఇన్నింగ్స్ తర్వాత గ్లాస్కో కెనడీని తప్పించాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో మియా స్కాట్, బేస్‌లు మూడూ నిండి ఉండగా హోమ్ రన్ కొట్టింది. మోకాలి లిగమెంటు తెగి ఉండగానే ఆమె ఆ సిరీస్ ఆడిందని తర్వాత బయటపడింది. టెక్సాస్ 10-4తో గెలిచి తొలి జాతీయ టైటిల్ అందుకుంది. టోర్నీలో తన ఖాతాలో పడే పరుగు ఒక్కటీ ఇవ్వని పిచర్ టీగన్ కేవన్ మేటి క్రీడాకారిణి అయింది. టీవీలో ఆ మ్యాచ్‌ను ఇరవై లక్షలకు పైగా జనం చూశారు.

ఒక్క చేతి మీద భారం

వరల్డ్ సిరీస్‌లో ఫైనల్ మూడో మ్యాచ్‌కు ముందు అయిదు మ్యాచ్‌ల్లోనూ టెక్సాస్ టెక్ వేసిన ప్రతి బంతీ కెనడీదే. సీజన్ మొత్తంలో ఆమె ఖాతాలో 34 విజయాలు, మూడు వందలకు పైగా స్ట్రయికౌట్లు ఉన్నాయి. బేస్‌బాల్ పెద్ద లీగుల్లో మొదటి పిచర్ ఒక మ్యాచ్ ఆడాక నాలుగైదు రోజులు ఇంకో మ్యాచ్‌లో బంతి వేయడు. కళాశాల సాఫ్ట్‌బాల్‌లో బంతుల లెక్కకు పరిమితి లేదు. కింది చేతివాటం విసురు శరీర సహజమని, చేతికి చేటు చేయదని చాలాకాలం నమ్మారు. ఆ గుండ్రటి విసురు భుజం ముందుభాగం మీదా బైసెప్స్ కండరం మీదా గట్టి భారం వేస్తుందని క్రీడా వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. ఇంకో చిక్కు బ్యాటర్ల వైపు నుంచి వస్తుంది. ఒకే పిచర్‌ను వరుసగా మూడు రోజులు చూస్తే, మొదటి రోజు మిస్టరీగా కనిపించిన రైజ్ బాల్ మూడో రోజుకు కంటికి పట్టుబడుతుంది. జూన్ 6న టెక్సాస్ బ్యాటర్లు ఎత్తుగా వచ్చే బంతుల్ని వదిలేస్తూ, తమకు కావాల్సిన బంతి కోసం కాచుకున్నారు.

గ్లాస్కో దగ్గర ఆమెతో సరితూగే రెండో పిచర్ లేదు. తొలి ఏడాది జట్టు కూర్పులో ఆయన బ్యాటర్లను, ఫీల్డర్లను వెంట తెచ్చుకున్నాడు, పిచింగ్‌లో మాత్రం ఒక్కరి మీదే నిలబడ్డాడు. టలహాసీ నుంచి ఓక్లహోమా సిటీ దాకా జట్టును నడిపించింది ఆ కూర్పే, చివరి రోజున మొదటి ఇన్నింగ్స్‌లోనే విరిగిందీ అదే. ఇందులో కెనడీని నిందించడానికి ఏమీ లేదు. అయిదు మ్యాచ్‌లు ఒక్కతే మోసిన అమ్మాయి ఆరోదానికీ సిద్ధమని వచ్చింది.

ఆ వేసవి

మూడో మ్యాచ్ జరిగిన జూన్ 6నే కాలిఫోర్నియాలో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, కళాశాల క్రీడాకారుల చెల్లింపులకు సంబంధించిన హౌస్ కేసు రాజీని ఆమోదించారు. జులై 1 నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా, మొదటి ఏడాదికి రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా పంచే వీలు దానితో వచ్చింది. ఆ మర్నాడు జూన్ 7న అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ లీగ్ నాలుగు జట్లతో మొదలైంది. చదువు ముగిశాక కూడా ఆడుకునే చోటు అమ్మాయిలకు ఇంకొకటి ఏర్పడింది. ఆ రోజుల్లోనే కెనడీ తర్వాతి ఏడాదికి కూడా లబక్‌లోనే ఉండేట్టు 12 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం వార్త వచ్చింది.

గ్లాస్కో ఆ వేసవి మళ్లీ పోర్టల్ వైపు చూశాడు. టెనసీ నుంచి టేలర్ పానెల్, ఫ్లోరిడా నుంచి మియా విలియమ్స్, సదరన్ ఇల్లినాయ్ నుంచి జాకీ లిస్ వచ్చారు. ముగ్గురూ బ్యాటుతో పేరు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లతోపాటు యూసీఎల్‌ఏ నుంచి ఎడమచేతి పిచర్ కేట్లిన్ టెర్రీ కూడా వచ్చింది. కెనడీ కుడిచేత్తో విసురుతుంది. టెర్రీ రాకతో ఒకే సిరీస్‌లో అవతలి బ్యాటర్లకు రెండు చేతులు, రెండు కోణాలు చూపించే వీలు గ్లాస్కోకు దొరికింది.